హార్స్‌పవర్ సరే, ఆయిల్ పంపు సంగతేంటి?

ఫోర్డ్ మస్టాంగ్‌లో 2011 మోడల్ నుంచి వస్తున్న 5.0 లీటర్ల కొయోటీ వీ8కి సూపర్‌చార్జర్ తగిలించే వాళ్లలో చాలామంది ఆయిల్ పంపు గేర్లు కూడా మార్చేస్తారు. ఎందుకంటే, కంపెనీ నుంచి వచ్చే గేర్లు లోహపు పొడిని అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చి చేసినవి. చవక. మామూలు వాడకానికి ఢోకా లేదు. కానీ ఆ పంపును తిప్పేది నేరుగా క్రాంక్‌షాఫ్టే. ఇంజిన్ పదే పదే రెవ్ లిమిటర్‌ని తాకుతుంటే ఆ అదురంతా గేర్ల మీదే పడుతుంది. పొడి లోహం సాగదు, పగులుతుంది. గేరు పగిలిందా, ఆయిల్ ప్రెషర్ సున్నా. బేరింగులు చూస్తుండగానే మాడిపోతాయి. అందుకే ఉక్కు దిమ్మ నుంచి చెక్కిన బిల్లెట్ గేర్లు వేస్తారు.

పవర్ పెంచే ముందు పంపు సంగతి చూసుకోండి బాస్. ఇంజిన్ కన్నా గేర్లే చవక!