ఓర్చుకోవలసిన నొప్పేనా?

ఆడపుట్టుక పుట్టాక నెలకు మూడురోజుల నొప్పి తప్పదనీ, తప్పనిదాన్ని గురించి మాట్లాడకూడదనీ మన ఇళ్లలో ఒక శాసనం ఉంది. దాన్ని ఎవరు రాశారో తెలియదుగాని, అమలు జరిపేది మాత్రం తల్లులూ, అత్తగార్లూ, నాబోటి మేనత్తలూనే. మా బాన్సువాడ చుట్టూ నిజాంసాగర్ నీళ్లు పారినంతమేరా వరిచేలే. నాట్లవేళ బురదలో నడుం వంచి నిలబడ్డ ఆడవాళ్లలో ఎందరు పళ్లు బిగబట్టుకుని ఆ మూడురోజులూ గడుపుతారో ఎవరికీ పట్టదు.

మా అన్నయ్య కూతురికి 27 ఏళ్లు. ఒక ఆడపిల్ల తల్లి. పదిహేనో ఏటినుంచీ నెలనెలా మెలికలు తిరిగిపోయేది. "నాకు లేదా బిడ్డా నొప్పి? మీ అమ్మకు లేదా? ఓర్సుకోవాలె" అనేది మా అమ్మ. పెళ్లయితే తగ్గుతుందన్నారు. కానుపయితే తగ్గుతుందన్నారు. రెండూ అయినాయి; నొప్పి మాత్రం తగ్గలేదు.

చివరకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగు తీసి, "గర్భసంచి వాచింది. ఒక పిల్ల ఉందిగా, తీసేస్తే పీడ వదులుతుంది" అన్నారు. ఇంటిల్లిపాదీ సరేనన్నారు. డబ్బుకూడా సమకూరింది. అప్పుడా పిల్ల నన్ను పక్కకు పిలిచి, "అత్తా, అది తీసేస్తే నొప్పి పోతదని వాళ్లు రాసిస్తరా?" అని అడిగింది. ఎంత న్యాయమైన ప్రశ్నో చూడండి! దానికి జవాబు వెతుక్కుంటూనే మేం హైదరాబాదు బస్సెక్కాం.

ఈ ప్రశ్న మా ఒక్క ఇంటిదే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురు. తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది!

హైదరాబాదులో మేం చూపించుకున్న డాక్టరమ్మ తాపీగా కూర్చుని చెప్పింది. గర్భసంచి లోపలిపొర ప్రతినెలా పెరిగి, రాలి, నెత్తురుతో బయటికి పోతుంది. అటువంటి పొరే అండాశయాలమీదా, పేగుల పక్కనా మొలిస్తే ఎండోమెట్రియోసిస్. గర్భసంచి కండరంలోకే చొచ్చుకుపోతే ఎడినోమయోసిస్. రెండోదానికి గర్భసంచి తీయడం ఒక వైద్యమే. మొదటిదానికి అలాకాదు, సంచి పోయినా బయట మొలిచింది బయటే ఉండిపోవచ్చు. మా పిల్లకు రెండూ కొంచెం కొంచెం ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారం ఈ ఎండోమెట్రియోసిస్ సుమారు 19 కోట్లమంది స్త్రీలకు, అంటే పిల్లల్ని కనే వయసులో ఉన్న ప్రతి పదిమందిలో ఒకరికి ఉంది.

మరి అక్కడెలా మొలిచింది? 1927లో సాంప్సన్ అనే అమెరికా డాక్టరు, బహిష్టు నెత్తురు కొంత వెనక్కి, గొట్టాలగుండా కడుపులోకి పోతుందని చెప్పాడు. తర్వాత పరీక్షిస్తే చాలామంది స్త్రీలలో అలాగే జరుగుతున్నట్టు తేలింది. కాని వ్యాధి కొందరికే వస్తోంది. కాబట్టి తప్పిపోయి వచ్చిన విత్తనం ఒక్కటే కారణం కాదు. కలుపు తీసేవాళ్లు ఏం చేస్తున్నారని కూడా అడగాలి.

ఒంట్లో ఆ పని రోగనిరోధక కణాలది. లాప్రోస్కోపుతో తీసిన ముక్కను పల్చగా కోసి, గాజుపలకమీద పెట్టి, ప్రత్యేకమైన ద్రావకాలు వేస్తే, కణాలమీది గుర్తులు గోధుమరంగులో బయటపడతాయి. సీడీ10 అనే గుర్తు కనిపిస్తే అది గర్భసంచి పొరకు చెందినదని నిర్ధారణకు ఆసరా. పరిశోధకులు సీడీ68తో మాక్రోఫేజులనూ, సీడీ56తో సహజహంతక కణాలనూ లెక్కపెడతారు. ఈ రోగుల్లో హంతక కణాలకు చేవ తగ్గిందనీ, చెత్త ఊడ్చవలసిన మాక్రోఫేజులు ఎక్కువగా చేరి, ఆ మొలకకే కొత్త రక్తనాళాలూ, నరాలూ పెరిగేందుకు తోడ్పడుతున్నాయనీ పలు పరిశోధనలు చెబుతున్నాయి. కంచే చేను మేసిందన్నమాట! నరాలు పెరిగాక నొప్పి పెరగదా మరి?

మన హైదరాబాదులోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం, సీసీఎంబీ పరిశోధకులు దక్షిణాది స్త్రీలలో ఈ వ్యాధికి జన్యుమూలాలు వెతికారు. అయినా రక్తం చుక్కతో వ్యాధిని తేల్చే పరీక్ష ఇంకా చేతికి రాలేదు. గుర్తుల లెక్క ఒక పరిశోధనలో ఒకలా, మరొకదానిలో మరొకలా వస్తోంది. అందుకే 2022లో యూరోపియన్ నిపుణుల సంఘం, వ్యాధి నిర్ధారణకు అటువంటి రక్తపరీక్షలను నమ్ముకోవద్దనే చెప్పింది. రోగి మాట వినడం, స్కానింగు, అవసరమైతే లాప్రోస్కోపు, ఇవే దారులు.

మా పిల్లకు అండాశయం మీది తిత్తినీ, చుట్టూ మొలిచినదాన్నీ తీసి, హార్మోను మాత్రలు రాశారు. గర్భసంచి దాని చోటనే ఉంది. నొప్పి పూర్తిగా పోయిందని నేననను. నెలకొక రోజు ఇప్పటికీ పడుకుంటుంది. కాని మిగతా రోజులు తనవయినాయి. రెండో బిడ్డను కనాలో వద్దో నిర్ణయించుకునే హక్కూ తన దగ్గరే ఉంది.

మా అమ్మకీ సంగతంతా వివరించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకూ గదే ఉండెనేమో" అంది నెమ్మదిగా. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి!

సోదరీమణులారా, మీ ఇంట్లో ఏ పిల్లయినా నెలనెలా బడి మానేసి, కూలి మానేసి ముడుచుకుపోతుంటే, ఓర్చుకోమనకండి. ఆడవాళ్ల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. గర్భసంచి తీసేద్దామంటే, అసలు జబ్బు పేరేమిటో, తీస్తే నొప్పి పోతుందో లేదో అడగండి. జవాబు నచ్చకపోతే ఇంకో డాక్టరును అడగండి.