ధింసా చీర మీద లిప్‌స్టిక్ మరకలు



ఆగస్టు 9 దగ్గర పడుతోంది. హాస్టళ్లలో ధింసా ప్రాక్టీసు మొదలయ్యే ఉంటుంది. స్టేజీ ఎక్కే ముందు మాకు ఫౌండేషన్, లిప్‌స్టిక్, కాటుక అన్నీ పెడతారు. దిగేసరికి కొంగు నిండా మరకలే. ఆ చీరలు మావి కావు. అమ్మవి, నానమ్మవి, కొన్ని ఊళ్లో అడిగి తెచ్చినవి. తెచ్చినట్టే తిరిగివ్వాలి. డ్రైక్లీనింగ్‌కి డబ్బులెక్కడివి? అందుకే మేం గదిలో చేసుకునే పద్ధతి రాస్తున్నాం.

లిప్‌స్టిక్‌లో నూనె, మైనం ఉంటాయి. ఒట్టి నీళ్లకు పోదు. పైన పేరుకున్నది చెంచా అంచుతో మెల్లగా తీసేయాలి. మరక వైపు కిందకి తిప్పి పాత గుడ్డ మీద పరిచి, వెనక నుంచి గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి వేలితో అద్దాలి. రుద్దితే మరక పాకుతుంది. పావుగంటాగి చన్నీళ్లతో జాడించాలి. పోకపోతే మళ్లీ అదే పని. మరక పూర్తిగా పోయేదాకా ఎండలో వేయొద్దు, ఇస్త్రీ అసలే వద్దు. వేడికి మరక గట్టిపడిపోతుంది. రంగు దిగే చీరైతే ముందు లోపలి అంచు మీద ఒక చుక్క వేసి చూసుకోవాలి.

ఇంకో మాట. మరకలు ఎక్కువ పడేది జాకెట్టు మెడ దగ్గర. మా రంగుకన్నా తెల్లటి ఫౌండేషన్ ముఖానికీ మెడకీ దట్టంగా పూస్తారు మరి. లేకపోతే స్టేజీ మీద కనబడరట! మా నానమ్మలు ఏ పూతా లేకుండానే ఆడారు, ఊరంతా చూసింది. పోయినేడు మేం ఫౌండేషన్ వద్దన్నాం. అందరికీ బాగానే కనబడ్డాం. ఉతికే పని కూడా సగం తగ్గింది.

ఈసారి మీరూ వద్దని చెప్పి చూడండి చెల్లెళ్లూ.