ఎవరికి ఇష్టమైన వంట?

కెనడాలో ఉంటున్న మా చెల్లెలి కూతురు ఆమధ్య ఫోన్ చేసింది. వాళ్ళ పాపను బడిలో 'మీ కుటుంబానికి బాగా ఇష్టమైన సాంప్రదాయ వంట' గురించి రాసుకు రమ్మన్నారట. "మనది ఏది రాయమంటావు పెద్దమ్మా? సంగటి అని రాస్తే సరిపోతుందా?" అని అడిగింది. తోటి పిల్లలు రాస్తున్నవేమిటో కూడా చెప్పింది. ఒకరు పూటీన్ అట. వేయించిన ఆలుగడ్డ ముక్కల మీద జున్ను ముక్కలు వేసి, వేడి వేడి మాంసపు రసం పోసుకుని తింటారు. ఇంకొకరు బటర్ టార్ట్, మరొకరు బానక్ రొట్టె.

సంగటి అని రాయమని చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ముందు వాళ్ళ వంటల సంగతేమిటో చదివాను. 'సాంప్రదాయం' అనగానే వేల ఏళ్ళ నాటిదనుకుంటాం కదా! పూటీన్ పుట్టింది 1950లలో, క్యుబెక్ పల్లెల్లో. బటర్ టార్ట్ అంటే వెన్న, చక్కెర, గుడ్డు కలిపి చిన్న చిన్న పిండి గిన్నెల్లో పోసి కాల్చే తీపి. దాని తయారీ అచ్చులో మొదట కనిపించింది 1900లో. ఒంటారియోలోని బారీ పట్టణంలో ఆస్పత్రికి సాయంగా ఏర్పడ్డ మహిళా సంఘం వేసిన వంటల పుస్తకంలో. ఆ వంటకం ఇచ్చినామె పేరు అక్కడ 'మిసెస్ మాల్కమ్ మెక్‌లియోడ్' అని ఉంది. మాల్కమ్ ఆమె భర్త. ఒక దేశం తనదని చెప్పుకునే తీపి వంటకం మొదటిసారి అచ్చయినప్పుడు, దాన్ని ఇచ్చిన చేతుల పేరు ఆ పేజీలో లేదు.

బానక్ కథ ఇంకా బరువైంది. ఆ పేరూ ఆ రొట్టే స్కాట్లాండు నుంచి ఉన్ని తోళ్ళ వ్యాపారుల వెంట వచ్చాయంటారు. ఆదివాసులను వేట నేలల నుంచి తప్పించి రిజర్వులకు పరిమితం చేశాక, సర్కారు రేషనుగా ఇచ్చిన గోధుమపిండి, కొవ్వుతో వాళ్ళ ఆడవాళ్ళు పిల్లల కడుపు నింపింది ఈ రొట్టెతోనే. ఈరోజు వాళ్ళ పండగల్లో అది గర్వంగా కనిపిస్తుంది. 'ఇది మాది కాదు, మామీద రుద్దింది' అనేవాళ్ళూ వాళ్ళలోనే ఉన్నారు. రెండు మాటలూ నిజమే. ఆకలిలో అందిన పిండిని తిండిగా మార్చిన శ్రమ మాత్రం వాళ్ళదే.

ఇదంతా చదివాక మా సంగటి వైపు చూస్తే అది కూడా ముందటి సంగటిలా కనిపించలేదు.

మా నాయన వాళ్ళది జమ్మలమడుగు వైపు. పెన్న దాపున నల్లరేగడి నేల. జొన్న, కొర్ర, శనగ పండే చోటు. అమ్మ పుట్టిల్లు పులివెందుల వైపు. అక్కడ ఎర్రనేల, వానను నమ్ముకున్న చెనిక్కాయ చేలు, బావుల కింద ఇంత రాగి. నేను ఉద్యోగం చేసి స్థిరపడింది ప్రొద్దుటూరులో. కె.సి. కాలువ నీళ్ళు పారే వరిమళ్ళు ఇక్కడికి దగ్గర. అంతా కలిపి ఒక పూట బస్సు ప్రయాణమంత దూరం లేదు గానీ, నా చిన్నతనంలో ఈ మూడు చోట్లా పళ్ళెంలో ఉండేది వేరు వేరు. జమ్మలమడుగు వైపు జొన్నరొట్టె, కొర్రన్నం. పులివెందుల వైపు రాగిసంగటి, చెనిక్కాయల ఊరిమిండి. కాలువ కింద ఊళ్ళలో వరన్నం. మాకు వరన్నమంటే పండగ. చుట్టాలొస్తేనో, ఎవరికైనా జ్వరమొస్తేనో వండే అపురూపమైన తిండి.

ఈరోజు రాయలసీమ వంటల గురించి ఎవరు రాసినా సంగటీ నాటుకోడి పులుసూ అంటూ మొదలుపెడతారు. ఆ రాతల్లో నెయ్యి కారుతుంటుంది, ఆవిరి లేస్తుంటుంది. ముద్ద ఎవరు కట్టారో మాత్రం ఉండదు. ఉన్నా 'మా అమ్మ చేతి మహిమ' అన్న ఒక్క వాక్యం. చేతికి మహిమ అంటగడితే నొప్పి గురించి అడగనక్కర్లేదు మరి!

మా జేజి కోడి కూయకముందే లేచేది. ఇసుర్రాయి ముందు ఒక కాలు చాపుకుని కూర్చుంటే, ఇంట్లో అందరూ లేచేసరికి ఆ పూటకు సరిపడా జొన్నపిండి అయ్యేది. తిరగలి పాటలను మనం సేకరించాం, వర్గీకరించాం, వాటి మీద పట్టాలు తీసుకున్నాం. చీకట్లో రెండు గంటలు ఒంటరిగా రాయి తిప్పే మనిషికి పాట ఎందుకు అవసరమైందన్నది మాత్రం మన వ్యాసాల్లో ఒక పేరాకు మించలేదు.

తర్వాత్తర్వాత జొన్నలకూ రాగులకూ పిండిమర వచ్చింది గానీ కొర్రలకు రోలే దిక్కు. దంచాలి, చెరగాలి, మళ్ళీ దంచాలి. పొట్టు పూర్తిగా పోదు. పోకపోతే మగవాళ్ళు పళ్ళెం తోసేస్తారు. సంగటి పని ఇంకో రకం. నూకలు మెత్తగా ఉడికాక పిండి కుప్పగా పోసి, మధ్యలో కట్టెతో గుంత చేసి, సన్నటి మంట మీద మగ్గనిచ్చి, ఆ తర్వాత కుండ దించి రెండు పాదాల మధ్య ఇరికించుకుని తెడ్డుతో గెలకాలి. ఉండలు కట్టకుండా పదిమందికి సంగటి గెలకడమంటే భుజాల్లో బలమంతా దిగిపోవాల్సిందే. చేయి తడుపుకుంటూ కాలే ముద్దను గుండ్రంగా చేయాలి. జేజి అరచేయి తోలులా ఉండేది. చిన్నప్పుడు ఆ గరుకు చేత్తో వీపు రాయించుకోవడం మాకు ఎంతో ఇష్టం. అది ఎట్లా అంత గరుకైందో మాకు పట్టలేదు.

మగవాళ్ళు తిన్నాక పిల్లలు, పిల్లలు తిన్నాక కోడళ్ళు, అందరి తర్వాత జేజి. కుండకు అంటుకున్న మాడును నీళ్ళు పోసి నానబెట్టి, మరునాడు మజ్జిగ కలుపుకుని తాగేది. "నాకు మాడంటేనే ఇష్టం" అనేది. మేమూ నమ్మాం. ఆడవాళ్ళ 'ఇష్టాలు' ఎన్ని ఇట్లా మిగిలినదాంట్లోంచి పుట్టాయో ఎవరైనా లెక్క తీస్తే బాగుండును.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. చిరుధాన్యాలు వెనక్కి పోవడానికి ఆ పథకం ఒక కారణమని ఇప్పుడు సభల్లో చెబుతుంటారు. చేలల్లో కొర్రకు బదులు అమ్ముకునే పంటలు రావడం ఇంకో కారణం. అందులో నిజముంది. కానీ మా అమ్మ ముందు ఈ మాట ఎత్తితే ఊరుకునేది కాదు. "కొర్రలు దంచిన చేతులకు తెలుస్తాది ఆ బియ్యమంటే ఏందో. కడిగి ఎసట్లో పోస్తే అయిపాయ. అంతకంటే ఏం గావాల?" అనేది. బియ్యం ఆమెకు కడుపు నింపే తిండే కాదు, తెల్లవారుజామున ఇంకో రెండు గంటల నిద్ర. ఆ నిద్ర విలువను ఏ పోషకాహార పట్టికలో వెయ్యాలి?

పట్టిక అబద్ధం కాదు. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యంలో ఉండేది అందులో ఏ మూలకూ రాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. కాబట్టి బియ్యమే స్వర్గమని నేననడం లేదు. అయితే రాగులు తిన్న కాలంలో మాత్రం జేజి వాటాకు వచ్చిందెంత? కుండలో ఏ ధాన్యముందన్నది ఒక ప్రశ్న. కుండ దగ్గర ఎవరు, ఎప్పుడు కూర్చుంటారన్నది అంతకంటే పాత ప్రశ్న.

2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. కొర్రలు, అరికలు అందమైన పొట్లాల్లోకి వచ్చాయి. మా ఇళ్ళల్లో కూడా చక్కెర వ్యాధి వచ్చిన పెద్దమనుషులు 'మన పాత తిండే మంచిది' అంటున్నారు. రాత్రికి జొన్నరొట్టె కావాలంటారు. ఎవరు తట్టాలి? జాతీయ కాల వినియోగ సర్వేలో 2019లో ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టారు. 2024లో అది 289 అయింది. ఐదేళ్ళలో తగ్గింది పది నిమిషాలు! అదే 2024లో ఇంటిపని చేసే మగవాళ్ళు పెట్టింది 88 నిమిషాలు. పాత ధాన్యం వెనక్కి రావొచ్చు గానీ, దాని వెంట పాత తెల్లవారుజాములు కూడా వస్తే ఎట్లా?

అమ్మకు నిజంగా ఇష్టమైంది ఏమిటో నాకు తెలుసు. సంగటి కాదు, రొట్టె కాదు, ఓళిగలు కూడా కాదు. జమ్మలమడుగు బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జి. ఏడాదికి రెండు మూడు సార్లు ఆస్పత్రి పని మీద వచ్చినప్పుడు మాత్రమే దొరికేది. నానబెట్టి పిండిన బొరుగులు, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయల తిరగమాత, పైన పప్పుల పొడి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. బల్ల మీద కూర్చుని, కొంగు నడుముకు దోపకుండా, నెమ్మదిగా తినేది. "ఇంట్లో కూడా చేస్తావు కదమ్మా" అంటే, "ఇంట్లో అయితే నేను చేయాల గదా!" అంది ఒకసారి. ఎవరో వండి, ఎవరో తెచ్చి ముందు పెట్టి, తిన్నాక ఆకు తీసేసిన తిండి అది. అందులో రుచి ఉప్పూ కారాలది మాత్రమే కాదు.

మా చెల్లెలి కూతురికి ఇదే రాసి పంపాను. పాపను 'మా అవ్వకు ఇష్టమైంది ఉగ్గాని, ఎందుకంటే అది ఆమె వండలేదు' అని రాయమన్నాను.

సంగటిని నేను వదులుకోలేదు. అది మా నేల తిండి, దాని మీద నాకూ హక్కుంది. మా ఇంట్లో ఆదివారం సంగటి గెలికేది ఇప్పుడు మా అబ్బాయి. మొదట్లో ఉండలు కట్టేవి. అందరం అవే తిన్నాం. ప్రొద్దుటూరులో సాయంత్రాలు మా వీధి మొగన పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు అమ్మే ఆమె దగ్గర కూడా కొంటుంటాను. అదే చేతి పని, అదే మంట. కానీ లెక్క ఉంది, రొట్టెకింత అని. బేరమాడేవాళ్ళను చూసి ఆమె ఒకరోజు అంది: "పిండికి దుడ్లిస్చారు, కట్టెలకిస్చారు. చేతికి మాత్రం ఏంటికమ్మా ఇయ్యరు?"

సాంప్రదాయ వంటల మీద మనం రాయబోయే పుస్తకాలన్నిటికీ మొదటి ప్రశ్న ఆమే అడిగేసింది.