పుస్తకాల దారిలో పట్నం

మఠంపల్లి, హుజూర్‌నగర్ వైపు పెద్దవాళ్లకు హైదరాబాద్ ఇప్పటికీ ‘పట్నం’. ఆస్పత్రికో, హైకోర్టు వాయిదాకో, పిల్లల కాలేజీ సీటుకో కోదాడలో బస్సెక్కి ఇమ్లీబన్‌లో దిగుతారు. పని చూసుకుని, వీలుంటే చార్మినార్ ముందు ఓ ఫొటో దిగి తిరుగు బస్సు పట్టుకుంటారు. అదే బస్టాండు నుంచి పుస్తకాలు చదివినవాళ్లు బయల్దేరితే పట్నం ఇంకోలా కనిపిస్తుంది.

నాలుగడుగులు వేస్తే అఫ్జల్‌గంజ్. అక్కడ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఓ ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరి మీద పడ్డప్పుడు ఆ కొమ్మలు పట్టుకుని దాదాపు 150 మంది బతికారని చెబుతారు. నరేంద్ర లూథర్ రాసిన నగర చరిత్ర తిరగేసినవారు ఆ చెట్టును ఊరికే దాటిపోలేరు. గండిపేట, హిమాయత్‌సాగర్ పుట్టింది ఆ వరద దెబ్బకే. ఆ మూసీ కూడా మఠంపల్లి వైపు వాళ్లకు పరాయి నీళ్లేం కాదు. సూర్యాపేట వైపుగా సాగి, మిర్యాలగూడ దాపున వాడపల్లిలో కృష్ణలో కలిసి, మట్టపల్లి నరసింహస్వామి గుడి ముందునుంచే పోతుంది.

కోఠి చేరితే రెసిడెన్సీ. దశాబ్దాలుగా ఆడపిల్లలు చదువుకుంటున్న ఈ ఆవరణలోనే బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసా బేగంల ప్రేమకథ నడిచింది. విలియం డాల్‌రింపుల్ 2002లో ‘వైట్ మొగల్స్’ రాశాక దాన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. తోటలో రెసిడెన్సీ భవనానికే చిన్న నమూనా ఒకటుంది. పరదా చాటున ఉండే బేగం భవనం ముందుభాగం చూడలేదు కాబట్టి ఆమె కోసం కట్టించాడని ఒక కథ. అంత చిన్నగా కట్టిన ఆ మేడ ముందు నిలబడితే, ఆరువందల పేజీలు చెప్పిన పరదా సంగతి ఒక్క చూపులో అర్థమవుతుంది.

తెలుగులో నగరాన్ని చూపించినవారికీ కొదవ లేదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారిలో హైదరాబాదులో ఆగి, చూసినవన్నీ రాసిపెట్టాడు. నెల్లూరి కేశవస్వామి కథలు పాతబస్తీ ఇళ్ల లోపలికి, నవాబుల దేవిడీల గడపల్లోకి తీసుకెళ్తాయి. పరవస్తు లోకేశ్వర్ ‘సలాం హైద్రాబాద్’ నవల గల్లీ గల్లీ తిప్పుతూ 1969 ఉద్యమం దాకా నడిపిస్తుంది.

అసలు మలుపు సుల్తాన్ బజారులో ఉంది.

అక్కడి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైంది. నిజాం రాజ్యంలో తొలి తెలుగు గ్రంథాలయం అది. వెనక నిలిచినవారిలో ఒకరు మునగాల రాజా నాయని వెంకట రంగారావు, మరొకరు ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. మునగాల అంటే కోదాడ, సూర్యాపేటల నడుమ బస్సు దాటి వచ్చిన మునగాలే! చుట్టూ నిజాం గ్రామాలున్నా అప్పట్లో అది బ్రిటిష్ వారి కృష్ణా జిల్లా కింద ఉండేది. తర్వాత నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. పట్నానికి పుస్తకం అలవాటు చేసినవారిలో ఈ రహదారి పక్క ఊళ్ల మనుషులు చాలామందే ఉన్నారన్నమాట.

ఆదివారం ఆబిడ్స్‌లో మూసి ఉన్న షట్టర్ల ముందు పరిచే పాత పుస్తకాల్లో ఇలాంటివి దొరికితే దొరుకుతాయి. దొరక్కపోతే అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉండనే ఉంది. 1891లో ఆసఫియాగా మొదలైన ఆ లైబ్రరీలో ఇప్పుడు కుర్చీ దొరకడమే కష్టం. జిల్లాల నుంచి వచ్చి గ్రూప్స్‌కు చదివేవాళ్లతో కిక్కిరిసి ఉంటుంది. తెలంగాణ చరిత్ర పేపర్ కోసం వాళ్లు భాషా నిలయం పెట్టిన ఏడాదిని బిట్టుగా కంఠస్థం చేస్తుంటారు. లేచి నడిస్తే ఆ భాషా నిలయానికి అరగంట కూడా పట్టదు.