జరీపోగు

నక్షత్రం అనగానే నాకు గుర్తొచ్చేవి మూడే. పెళ్ళిచూపులకి ముందే అడిగే జన్మనక్షత్రం ఒకటి. పట్టపగలు ముహూర్తమైనా సరే "ఆఁ, కనబడిందండీ" అని ఒప్పుకుని తీరవలసిన అరుంధతి ఒకటి. పంచాంగం మంచిదే అన్నా మా అత్తగారు మాత్రం ప్రయాణానికి పనికిరాదని తేల్చేసే ఆనాటి నక్షత్రం మూడోది. బి.ఏ.లో చరిత్ర, తెలుగు చదివినదాన్ని. అంతకుమించి ఆకాశంతో నాకెప్పుడూ పనిపడలేదు.

అటువంటి నన్ను పట్టుకుని, "అమ్మా, కాస్త ఈ నంబర్లు చదివి పెట్టవూ? నేను గుర్తులు పెట్టుకుంటాను" అంది మా అమ్మాయి, ఓ ఆదివారం మధ్యాహ్నం. దాని ఎమ్మెస్సీ ప్రాజెక్టుట. నక్షత్రాల జాబితా సరిచూడాలిట.

"చాకలి పద్దు రాసినట్టా?" అన్నాను.

"అచ్చం అంతే. రంగు వెలిసినవీ, వెలవనివీ విడదీయడం" అంది.

చాకలి పద్దులో నన్ను మించినవాళ్ళు లేరు కనుక కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. కూర్చున్నాక ఊరికే చదవడం నావల్ల అవుతుందా? ఇవేం నక్షత్రాలు, వీటి గొప్పేమిటి అని అడిగాను. అది చెప్పింది. నాకర్థమైనట్టు మీకు చెబుతాను, తప్పులుంటే అవి నావి.

నక్షత్రం వెలుగుని పట్టకం గుండా పంపితే రంగుల పట్టీగా విడిపోతుంది. పట్టుచీర పరిచినట్టు ఊదా నుంచి ఎరుపు దాకా. ఆ చీరలో అక్కడక్కడ సన్నటి నల్లపోగులు ఉంటాయి. నక్షత్రం పైపొరల్లోని వాయువులు తమకి కావలసిన రంగుని మింగేసిన ఆనవాళ్ళవి. ఏ పోగు ఎక్కడుందో చూసి, అక్కడ హైడ్రోజన్ ఉందనీ, ఇంకోటి ఉందనీ, వేడి ఇంతనీ చెప్పేస్తారు. అయితే బాగా వేడిగా, నీలంగా వెలిగే కొన్ని తారల్లో, నల్లపోగు ఉండవలసిన చోట తళుక్కున మెరిసే గీత కనబడుతుంది. నల్లపోగు బదులు జరీపోగు అన్నమాట.

ఆ జరీని మొదట చూసినవాడు రోమ్ నగరంలోని ఒక క్రైస్తవ మతగురువు, ఏంజెలో సెక్కీ. 1866లో, ఆకాశంలో ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరంలా కనబడే కాసియోపియా గుంపులో, నడిమి చుక్కలో చూశాడు. మరుసటేడు పారిస్‌లో వుల్ఫ్, రాయే అనే ఇద్దరు మరో జాతి వేడి తారల్ని, ఇంకా వెడల్పాటి జరీ ఉన్నవాటిని, మూడింటిని పట్టుకున్నారు.

"ఆ మరుసటేడు మీ గుంటూరు వంతు" అంది మా అమ్మాయి.

నేను కుర్చీలో ముందుకి జరిగాను. మా ఊరి పేరెత్తితే ఎవరికైనా అంతే కదా! 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడడానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరొచ్చి మకాం పెట్టాడు. గ్రహణ సమయంలో సూర్యుడి అంచున ఎగిసే ఎర్రని జ్వాలల్ని పట్టకంలోంచి చూస్తే, నల్లగీతలు కాదు, మెరిసే గీతలు కనబడ్డాయి. మర్నాడు గ్రహణం లేకుండా కూడా వాటిని చూడగలిగాడు. ఆ గీతల్లోని ఒక పసుపుపచ్చది హీలియం అనే కొత్త పదార్థానిదని తరువాత తేలింది. పుట్టి పెరిగిన ఊళ్ళో ఇంత జరిగితే నాకు తెలిసింది మిరపకాయల రేటూ, సినిమా హాళ్ళ పేర్లూ మాత్రమే!

"ఇంతకీ కొన్నింటికే ఆ జరీ ఎందుకే?" అన్నాను.

సెక్కీ చూసిన జాతి తారలు విపరీతమైన వేగంతో తిరుగుతాయిట. గ్రైండరు మూత తీసి తిప్పితే పిండి చుట్టూ చిమ్మదూ? అలాగే నడుము దగ్గర్నుంచి వాయువు చిమ్మి, తార చుట్టూ పళ్ళెంలా పేరుకుంటుంది. ఆ పళ్ళెంలోని హైడ్రోజనే ఎర్రగా మెరిసేది. కొన్నేళ్ళకి పళ్ళెం చెదిరిపోతుంది, మెరుపూ పోతుంది. మళ్ళీ ఎన్నేళ్ళకో చిమ్ముతుంది, మళ్ళీ మెరుస్తుంది. మన కృత్తికల్లోనే ప్లయోనీ అనే చుక్క ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో దానికి జరీ కనబడింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మాయమైంది. 1938లో తిరిగొచ్చింది.

ఇవన్నీ ఎవరు లెక్క రాశారనుకున్నారు? అక్కడే నాకు మనసు చిక్కుకుంది. రాసిందొక పనిమనిషి.

విలియమీనా ఫ్లెమింగ్ 1857లో స్కాట్లండులో పుట్టింది. పెళ్ళి చేసుకుని భర్తతో అమెరికా వెళితే, కడుపుతో ఉండగా ఆ మహానుభావుడు వదిలేసి పోయాడు. హార్వర్డ్ నక్షత్రశాల అధిపతి పికెరింగ్ ఇంట్లో పనికి కుదిరింది. ఆవిడ తెలివి చూసి ఆయన 1881లో నక్షత్రశాలలో ఉద్యోగమిచ్చాడు. దూరదర్శిని ముందు పట్టకం పెట్టి గాజుపలకల మీద ఫోటోలు తీస్తే, ప్రతి చుక్కా చిన్న చారలా పడుతుంది. ఆ చారల్ని భూతద్దంతో చూసి ఒక్కొక్కదానికీ పద్దు రాయడం ఆవిడ పని. 1890లో అచ్చయిన జాబితాలో పదివేల పైచిలుకు తారలున్నాయి. వుల్ఫ్, రాయే మూడింటితో మొదలుపెట్టిన జాతిలో, ఆవిడ కాలానికి తెలిసిన 107 తారల్లో 94 ఆవిడ పట్టుకున్నవే. 1900లో రాసుకున్న డైరీలో ఆవిడ జీతం గురించి వాపోయింది. తనకి ఏడాదికి 1500 డాలర్లు, మగవాళ్ళకి 2500!

"చూశావా, అప్పుడూ ఇంతే" అని నేను ఉపన్యాసం మొదలుపెట్టబోతుంటే, మా అమ్మాయి ఇంకో ముక్క చెప్పింది. 1888లో ఆవిడ ఒక గాజుపలక మీద గుర్రం తలలాంటి నల్లటి మబ్బుని కనిపెట్టింది. ఇప్పుడు ప్రపంచమంతా ఫోటోలు పెట్టుకునే హార్స్‌హెడ్ నెబ్యులా అదే. 1895లో డ్రేయర్ అనే ఆయన అచ్చువేసిన పట్టికలో దాన్ని కనిపెట్టింది పికెరింగ్ అనే ఉంది. ఆవిడ పేరు లేదు. 1908లో రెండో పట్టిక వచ్చినప్పుడు గాని ఆవిడ చేసినదానికి ఆవిడ పేరు చేరలేదు.

నా ఉపన్యాసం గొంతులోనే ఆగిపోయింది. ఎందుకో చెబుతాను.

గుంటూర్లో మా తాతయ్యగారింట్లో మా పిన్ని ఉండేది. పెళ్ళయిన రెండేళ్ళకే బాబాయి చెప్పకుండా వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ ఆ ఇంటి పొయ్యి, పాడి, పద్దు అన్నీ పిన్నివే. బియ్యం డబ్బా పక్కన ఆవిడ నోటుబుక్కు ఒకటి వేలాడుతుండేది. ఎవరికి ఎన్ని పాలు పోసిందీ, ఎవరు చేట పట్టుకెళ్ళి ఇవ్వనిదీ, ఏ రోజు ఏం వండిందీ అన్నీ అందులో ఉండేవి. మేం పిల్లలం దాన్ని "చిత్రగుప్తుడి చిట్టా" అని నవ్వేవాళ్ళం. పిన్నీ నవ్వేది.

పదహారేళ్ళ తరవాత ఒక వేసవిలో బాబాయి వచ్చాడు. నాకప్పుడు పన్నెండేళ్ళు. పిన్ని పేర తాతయ్య రాసిన రెండు గదుల్లో తనకీ హక్కుందని వసారాలో కూర్చుని పెద్దమనుషుల ముందు మొదలుపెట్టాడు. పిన్ని చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. నోటుబుక్కుల కట్టలోంచి అడుగుది తీసి, గట్టిగా చదివింది. తేదీ. వారం. "తెల్లవారుఝామున వెళ్ళినారు. రెండు పంచెలు, చేతి గడియారం, నాన్నగారి పెట్టెలోవి మూడు వందలు." పుస్తకం మూసేసి, "భోజనం చేసి వెళ్ళండి" అంది.

అంతే. ఆయన భోజనం చేయలేదు, మళ్ళీ రాలేదు. పిన్ని అంత గొంతు ఎత్తడం మేం అంతకు ముందు వినలేదు, ఆ తరవాతా వినలేదు. సాయంత్రానికి యథాప్రకారం పాలు కొలుస్తోంది.

నా మొదటి నవల చదివినవాళ్ళకి ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. అవును, అందులో పద్నాలుగో ప్రకరణం అదే. ఆ సన్నివేశానికే ఎక్కువ ఉత్తరాలొచ్చాయి. ఒక సభలో ఒకాయన లేచి, "ఆ నోటుబుక్కు ఎలా ఊహించారమ్మా?" అనడిగారు. మీరు నమ్మండి, నమ్మకపోండి, నేను "ఏదో అలా తోచిందండీ" అన్నాను. చప్పట్లు కొట్టారు. నవల అంకితం మా లెక్చరరు గారికిచ్చాను. పిన్నికి ఒక కాపీ పంపాను. ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ పోయి ఇప్పటికి ఆరేళ్ళు.

"అమ్మా, ఎక్కడున్నావు? నంబరు చదువు" అంది మా అమ్మాయి. ఫ్రాన్సులో మ్యూడాన్ అబ్జర్వేటరీ వాళ్ళు ఈ తారల జాబితా ఒకటి నడుపుతున్నారు. రెండువేల పైచిలుకు. వృత్తి శాస్త్రజ్ఞులే కాదు, పెరట్లో దూరదర్శిని పెట్టుకున్న మామూలు మనుషులూ తాము తీసిన పట్టీలు అందులో చేరుస్తారుట. నేను ఒక తార దగ్గర ఆగాను. పదేళ్ళుగా అన్నీ నల్లగీతలే. మెరుపు లేదు.

"దీన్ని కొట్టేయనా?"

"వద్దు వద్దు!" అని చెయ్యి పట్టుకుంది. "1981లో సూత్రం రాసుకున్నారమ్మా. ఇప్పుడు మెరవాలని లేదు. ఎప్పుడో ఒక్కసారి మెరిసినట్టు సాక్ష్యం ఉంటే చాలు, జాబితాలో ఉంటుంది."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే అమ్మకి ఫోను చేసి పిన్ని నోటుబుక్కులు పంపమన్నాను. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చాయా?" అంది అమ్మ. కొరియర్లో వచ్చాయి. నా నవల అచ్చయిన సంవత్సరం వెతికాను. పిన్ని దస్తూరీలో ఇలా ఉంది:

"అమ్మాయి పుస్తకం వచ్చినది. వెల నూరు రూపాయలు. బాగున్నది. ఆ రోజు కూర బీరకాయ కాదు, పొట్లకాయ."

నేను చాలాసేపు ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అంటే ఆవిడకి తెలుసు. ఒక్క నిష్ఠూరం లేదు, పద్దు మాత్రం సరిచేసి ఉంచింది.

నవల కొత్త ముద్రణకి వెళుతోంది. "మార్పులేమైనా ఉన్నాయా మేడమ్?" అని పబ్లిషరు అడిగారు. రెండున్నాయన్నాను. మొదటి పేజీలో ఒక పేరు చేర్చాలి. పద్నాలుగో ప్రకరణంలో కూర మార్చాలి.

"కూరేనా?" అన్నారాయన ఆశ్చర్యంగా.

"అవునండీ. పొట్లకాయ" అన్నాను.