మత్తు డాక్టరుకు ముందే చెప్పాల్సిన మాట

మా చిన్నాయనకు తిరువళ్ళూరులో అపెండిక్స్ ఆపరేషను జరిగిననాటికి మేము బంగారుపేటలో కన్నడ బడిలో ఏడో తరగతి. తెలుగు రాయడం సెలవుల్లో తిరుత్తణి ఇంట్లో అవ్వ దగ్గర నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకోండి.

గంటలో బయటికొస్తాడన్న మనిషి రాత్రయినా రాలేదు. ఆపరేషను బాగానే అయింది గానీ తనంతట తాను ఊపిరి తీసుకోలేకపోయినాడు. మిషనుతో ఊపిరి ఆడించినారు. అవ్వ కొండమీది సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుంది. అర్ధరాత్రి దాటినాక చేయి కదిలించినాడు. "మత్తు ఎక్కువిచ్చేసినారు" అని ఇంట్లో అందరమూ అనుకున్నాం. ఆ మాట చాలా ఏళ్లు నడిచింది.

తప్పు డాక్టరుది కాదని తర్వాత తెలిసింది. గొంతులో గొట్టం పెట్టేముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా 5, 10 నిమిషాల్లో దాని పని అయిపోతుంది. కాలేయంలో తయారై రక్తంలో తిరిగే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఆ మందును ముక్కలు చేసేస్తుంది. ఆ ఎంజైము లేనివాళ్లకు మందు గంటల తరబడి దిగదు. ఊపిరి తీసే కండరాలు కూడా పనిచేయవు.

ఎంజైము తయారీకి కావలసిన సమాచారం 3వ క్రోమోజోము మీది జన్యువులో ఉంటుంది. మన ఆర్యవైశ్యుల్లో కొందరికి అందులో ఒక్క అక్షరం మారింది. దాంతో 307వ చోట లూసీన్ ఉండాల్సింది పోయి ప్రోలీన్ వచ్చి చేరుతుంది. అమ్మ నుంచీ నాన్న నుంచీ ఆ మార్పే వస్తే పనిచేసే ఎంజైము దాదాపు ఉండదు. మేం చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఏళ్ల తరబడి బాగా నడిచిన ప్రోగ్రాము ఒకే ఒక్క ఇన్‌పుట్‌కు ఆగిపోవడం మాకు కొత్త కాదు. ఇదీ అంతే. ఆ మందు పడేదాకా మనిషికి ఏ లోటూ తెలియదు.

వైశ్యుల్లో ఈ లోపం మిగతావాళ్లకంటే సుమారు 100 రెట్లు ఎక్కువని హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొని 2017లో వెలువరించిన పరిశోధన చెప్తుంది. తరతరాలుగా మనలో మనమే ఇచ్చిపుచ్చుకోవడం దీనికి కారణం. మా అవ్వాతాతలది మేనరికం. చిన్నాయనదీ మేనరికమే.

అందుకే ఆయన కూతురికి రక్తపరీక్ష చేయించమన్నాం. పిన్నమ్మ ఒప్పుకోలేదు. "పెళ్లి కావాల్సిన పిల్ల. రిపోర్టులో ఏదో రాసి ఇస్తే ఎవరు చేసుకుంటారు?" అంది. చివరికి ఆ పిల్లే పోయి చేయించుకుంది. ఎంజైము దాదాపు లేదు.

పెళ్లిచూపులనాడు చిన్నాయన దాచకుండా చెప్పేసినాడు. పెళ్లికొడుకు తండ్రి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అక్కకూ ఇట్లే అయింది. మేమూ ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. పిన్నమ్మ కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. పెళ్లికొడుకూ పరీక్ష చేయించుకున్నాడు. పెళ్లి జరిగింది.

ఇది రోగం కాదు. పెళ్లి ఆపాల్సిన విషయమూ కాదు. చెప్తే వేరే మందు వాడతారు, అంతే. దాచితేనే ప్రాణం మీదికి వస్తుంది. మీ ఇంట్లోనూ ఆపరేషను తర్వాత ఆలస్యంగా లేచినవాళ్ల కథ ఉంటే, వాళ్ల తోడబుట్టినవాళ్లకు, పిల్లలకు కోలినెస్టరేజ్ పరీక్ష చేయించండి. ఫలితం ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టించండి. మా చిన్నాయన చీటీ ఆధార్ కార్డు వెనకాలే ఉంది.