అత్తమ్మ ఫొటో కోసం ఒక లెన్సు

మా ఇంట్లో పెద్ద కెమెరా ఉందంటే చుట్టాలు నవ్వుతారు. చేతిలో ఫోన్ పెట్టుకుని అదెందుకు అంటారు. మా చిన్నోడు పుట్టిన ఏడాది, 2017లో కొన్న కానన్ 1300డి అది. దానితోపాటు డబ్బాలో వచ్చిన 18-55 లెన్సు ఈ వానాకాలం దాకా బాగానే పనిచేసింది. తర్వాత బటన్ నొక్కితే లోపల కరకరమని చప్పుడు వస్తోంది, బొమ్మ మాత్రం కుదరడం లేదు. ఫోకస్ మోటార్ పోయిందట. బాగుచేయడానికి 2,200 అడిగారు. అదే లెన్సు సెకండ్‌హ్యాండ్‌లో ఇంకో ఐదారు వందలు ఎక్కువ పెడితే దొరుకుతుంది.

నా దగ్గర చిట్టీ పైసలు 10,000 ఉన్నాయి. ఆ పదివేలకు ఇంట్లో అప్పటికే నాలుగు లెక్కలున్నాయి. కుక్కర్ మార్చాలి, చిన్నోడి స్కూల్ వ్యాన్ ఫీజు కట్టాలి. అందుకే లెన్సు మీద పెట్టే ప్రతి రూపాయికీ జవాబు ఉండాలనుకున్నాను.

మా ఆయనకు దూరంగా ఉన్నవాటిని దగ్గరికి లాగే 55-250 మీద మనసు. "నర్సాపూర్ అడవి మనకు పక్కనే గదా, నెమళ్లను తియ్యొచ్చు" అన్నారు. షిఫ్టు డ్యూటీ చేసొచ్చి ఆదివారం పన్నెండింటికి లేచే మనిషికి నెమళ్లు ఎప్పుడు కనిపిస్తాయో నేను అడగలేదు. పాత లెన్సు లాంటిదే మళ్లీ తెచ్చుకుంటే చవకలో పోతుంది కదా అని నాకూ అనిపించింది.

కొనేముందు పాత ఫొటోలన్నీ కంప్యూటర్‌లో తెరిచి రెండు సాయంత్రాలు కూర్చున్నాను. ఫొటో మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూస్తే ఆ ఫొటో ఎంత ఫోకల్ లెంగ్త్‌లో తీశామో ఉంటుంది. మావి సగానికి పైగా 18లోనే ఉన్నాయి. అంటే హాల్లో అందరినీ నిలబెట్టి, వెడల్పుగా తీసినవి. ఆ వెడల్పు ఇప్పుడు ఫోన్ మామూలు కెమెరాలోనే వస్తుంది, ఇంకా కాస్త ఎక్కువే వస్తుంది. అలాంటి లెన్సే మళ్లీ కొంటే, ఫోన్ చేసే పనికే ఇంకోసారి డబ్బు పెట్టినట్టు.

ఆ ఫొటోల్లో ఇంకో సంగతి కూడా కనిపించింది. ఎనిమిదేళ్ల ఫొటోల్లో మా అత్తమ్మ ఉన్నవి తొమ్మిది. అందులో నాలుగింటిలో వడ్డిస్తున్న చెయ్యి మాత్రమే ఉంది.

మామయ్య పోయినప్పుడు గోడకు పెట్టడానికి ఒక్క ఫొటో దొరకలేదు. ఎవరిదో పెళ్లిలో దిగిన గుంపు ఫొటో తీసుకుని, స్టూడియోలో ఆయన ముఖం వరకు కత్తిరించి పెద్దది చేయించాం. పక్కన నిలబడ్డాయన భుజం ఒక అంచున అట్లాగే మిగిలిపోయింది. రోజూ దీపం పెట్టేటప్పుడు అత్తమ్మ ఆ భుజాన్ని కూడా చూస్తుంది. ఆమెకైతే మంచి ఫొటో అన్నది ఆధార్ కార్డు మీద ఉన్నదే. ఆ కార్డులో మన ముఖాలు ఎట్లా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

దాంతో ఏ లెన్సు మంచిది అన్న ప్రశ్న పక్కకు పోయింది. అత్తమ్మ ముఖాన్ని బాగా తీసేది ఏదో చూడాలి.

ఫోన్‌తో ఒకరి ముఖం, భుజాలు ఫ్రేము నిండా రావాలంటే రెండడుగుల దగ్గరికి పోవాలి. అంత దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దగా, చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి. అదొక ఇబ్బందైతే, ఎదురుగా ఫోన్ చూడగానే అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. "నా మొఖం ఏం దీస్తవ్ బిడ్డా, పొలగాళ్లను దియ్" అంటుంది. మా కెమెరాకు 50 ఎంఎం లెన్సు పెడితే అదే ఫొటోకు ఆరేడు అడుగుల దూరం కావాలి. ఆమె గడప దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తుంటే నేను హాల్లో అవతలి గోడకు కూర్చుని తియ్యొచ్చు. ఆమె పని ఆమె చేసుకుంటుంది.

రెండో సంగతి వెలుతురు. లెన్సు మీద ఎఫ్ అని పక్కన ఉండే అంకె ఎంత చిన్నదైతే లోపలికి అంత వెలుతురు వస్తుంది. పాత లెన్సును 55కి తిప్పితే ఎఫ్/5.6. ఈ 50 లెన్సు ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుంది. అంటే దాదాపు పది రెట్ల వెలుతురు. ట్యూబులైటు కింద 1/15 సెకను పట్టి చెయ్యి కదిలి మసకబారే ఫొటో, 1/150 దగ్గర నిలబడుతుంది.

దీనికి జూమ్ ఉండదు, మనమే ముందుకూ వెనక్కూ నడవాలి. అందుకే కొనకముందే ఒక పని చేశాను. పాత లెన్సుకు ఫోకస్ పోయినా జూమ్ తిరుగుతుంది కదా, దాన్ని 50 మీద పెట్టి ఇల్లంతా కంటికి ఆనించుకుని తిరిగాను. ఎనిమిదడుగుల వెడల్పున మనుషులు నిలబడితే, అందరూ రావడానికి పద్దెనిమిది అడుగులు వెనక్కి పోవాలి. మా హాలు పన్నెండడుగులు. గుంపు ఫొటోలకు ఫోనే అని అప్పుడే తేలిపోయింది.

కోఠికి పోయి అడిగితే కొత్త 50 ఎస్‌టీఎం నా పదివేలనూ మింగేసేలా ఉంది. చైనావాళ్ల యోంగ్‌నువో సగం ధరకే వస్తుంది కానీ ఫోకస్ చప్పుడు ఎక్కువ. చివరికి వాడిన ఎస్‌టీఎం 5,500కు తీసుకున్నాను. కుక్కర్ పైసలు మిగిలాయి. వాడిన లెన్సు కొనేటప్పుడు ఒకవైపు నుంచి ఫోన్ టార్చి వేసి రెండోవైపు నుంచి చూడండి, సాలెగూడులా కనిపిస్తే ఫంగస్ పట్టినట్టు. మీ కెమెరానే తీసుకుపోయి, షాపులోనే దగ్గరవీ దూరంవీ నాలుగు ఫొటోలు తీసి పెద్దవి చేసి చూడండి. ఆర్ఎఫ్ అని రాసున్నవి మన పాత కానన్‌కు పట్టవు, ఈఎఫ్ లేదా ఈఎఫ్-ఎస్ అని ఉండాలి. ఇంటికొచ్చాక గాలి చొరని డబ్బాలో, మందుల సీసాల్లో కొత్త చెప్పుల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి.

1892లో రాజా దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో పెట్టారు. దాన్ని నడిపిందీ ఒక ఆడమనిషే. తెలిసిన చేతిలో, బెదురు లేని చోట అయితేనే మనవాళ్లు ముఖం చూపిస్తారని ఆయనకు అప్పుడే తెలుసు.

అత్తమ్మను గడప దగ్గర పొద్దున తొమ్మిదింటికి తీశాను, పక్కనుంచి ఎండ వెలుగు పడుతుంటే. ఎఫ్/1.8లో ఒక కన్ను స్పష్టంగా, రెండోది మసకగా వచ్చింది. ఎఫ్/2.8కి మార్చాక రెండు కళ్లూ కుదిరాయి. చిన్నోడు ఏదో అంటే ఆమె నవ్వింది, కొంగు ఒళ్లోనే ఉంది. పన్నెండు అంగుళాల ప్రింటు తీయించి తెచ్చి చేతికిచ్చాను. చాలాసేపు చూసింది. చెంప మీది మచ్చను వేలితో తడిమింది.

"మంచిగొచ్చింది. ఇప్పుడే దండ ఎయ్యకు మరి" అంది.

అందరం నవ్వాం. మామయ్య ఉన్న గోడకు కాకుండా వంటింటి పక్క గోడకు మేకు కొట్టారు మా ఆయన. నెమళ్ల లెన్సు సంగతి మళ్లీ చిట్టీ ఎత్తినప్పుడు చూద్దామని చెప్పాను.